క్రిముల్లేని పేగు, నేను లేని ఇల్లు

“నువ్వు లేకున్నా ఇల్లు మంచిగనే నడిచింది, ఎరికేనా?” అన్నాడు హరికిషన్, నేను రెండు వారాల ట్రైనింగ్ నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పకముందే. ఆ మాట అనడానికే మా ఆయన గుమ్మంలో కాచుకుని ఉన్నట్టున్నాడు. వెనకనుంచి అత్తమ్మ దేవమ్మ అందుకుంది. “ఏం తక్లీఫ్ కాలే. అంతా దానంతట అదే అయిపోయింది. నువ్వే ఊకె పరేషాన్ అయితవు.”

దానంతట అదేనట! పెళ్లయిన నాటి నుంచీ టిఫిన్లు, డబ్బాలు, అత్తమ్మ మాత్రలు, ఆరేసిన బట్టలు, అన్నీ ముగించుకునే కాప్రాలో బస్సెక్కి, సికింద్రాబాద్‌లో మెట్రోకు మారి, బేగంపేటలో మా ల్యాబుకు పరుగెత్తేదాన్ని. అదంతా దానంతట అదే అయిపోయేదైతే ఇన్నేళ్లూ నేనెందుకు చచ్చినట్టు చేశాను? ఏడుపొచ్చింది. ఆ వెనకే అనుమానమూ వచ్చింది. వంటింట్లోకి వెళ్లి చూశాను. సింకు తళతళలాడుతోంది. కుక్కర్ రబ్బరును ఎవరో కడిగి ఫ్రిజ్‌లో పెట్టారు. కుక్కర్‌కు రబ్బరు ఉంటుందన్న సంగతే హరికిషన్‌కు తెలియదు. పోపుడబ్బాలో మెంతులున్నాయి, నేను వాటిని ఎప్పుడూ వేరే సీసాలో పెడతాను. “వంట ఎవరు చేసిన్రు?” అని అడిగాను. “నేనే. ఏం, నాకు రాదా?” అన్నాడు. నమ్మలేదు. కానీ అనుమానం నా పుట్టుకతో వచ్చిన రోగమని మరోసారి అనిపించుకోవడం ఇష్టంలేక ఊరుకున్నాను.

మర్నాడు ల్యాబులో మా పెద్దాయన సత్యదేవ్ సార్ మహా హుషారుగా ఉన్నారు. మా పని ఎలుకల పెద్దపేగు మీద. పుట్టినప్పటి నుంచీ ఒక్క క్రిమి తగలకుండా, గాలిని కూడా వడగట్టి పంపే ప్లాస్టిక్ గూడారంలో పెంచిన ఎలుకలవి. మామూలుగా పేగులో కోట్లకొద్దీ క్రిములు కాపురముంటాయి. మనకు అరగని పీచును అవి పులియబెడతాయి. అందులోంచి వచ్చే ఆమ్లాలు ఉప్పునూ నీటినీ ఒంట్లోకి లాగడానికి సాయపడతాయి. మరి ఆ క్రిములే లేకపోతే పేగు ఆ పని ఎలా చేస్తుంది? అదీ మేం తేల్చాల్సింది. గోరంత పేగు ముక్కను రెండు చిన్న అరల మధ్య తెరలా బిగించి, ఇటు నుంచి అటు ఉప్పు ఎంత పోతోందో మీటరు మీద చూస్తాం.

“వసుధగారూ, మీరు లేనప్పుడు తీసిన రీడింగులు చూశారా? మామూలు ఎలుకలకీ వీటికీ తేడానే లేదండి. క్రిములు లేకపోయినా పేగు తన పని తాను చేసేసుకుంటోంది! సోమవారం మీటింగులో మీరే చెప్పండి. మీ ఉద్యోగం పర్మనెంటు సంగతి కూడా అక్కడే తేలిపోతుంది,” అన్నారు.

అంతకు ముందురోజు అదే మాట మా ఇంట్లో విని ఉండకపోతే నేనూ మురిసిపోయేదాన్నేమో. ఇప్పుడు మాత్రం ఒళ్లు మండింది. గూడారానికి అమర్చిన రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి ఒక ఎలుకను పట్టుకున్నాను. క్రిములు లేని ఎలుకకు పెద్దపేగు మొదట్లో ఉండే సంచి బాగా ఉబ్బిపోయి, పొట్ట లావుగా కనబడాలి. దీని పొట్ట నాజూగ్గా ఉంది. పక్కదానిదీ అంతే. పెంటిక ఒకటి తీసి, రంగువేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. కిటకిటలాడుతున్నాయి క్రిములు.

గూడారంలోకి మేత పంపే దారికి రెండు తలుపులు. బయటి తలుపు మూసి, మధ్యలో క్రిములను చంపే మందు కొట్టి, అది పనిచేసేదాకా ఆగి, ఆ తర్వాతే లోపలి తలుపు తీయాలి. ఎవరు ఆగలేదు సార్ అని అడిగాను.

“మీరు లేనప్పుడు విజిటర్లొచ్చారు కదా అని నేనే కాస్త ముందు తీశాను. ఆ మాత్రానికే? మీకు ప్రతిదీ అనుమానమే.”

“ఉన్నవాటిని లేవని ఎట్ల చెప్పాలి సార్? పని చేసింది అవేనేమో గదా?”

“ఉద్యోగం కావాలో అక్కర్లేదో ఆలోచించుకోండి,” అన్నారాయన, ఎంతో నెమ్మదిగా.

మెట్రో దిగగానే మల్కాజ్‌గిరిలో ఉండే తోటికోడలు రజితక్కకు ఫోన్ చేశాను. ఇంట్లో బ్లౌజులు కుట్టుకుంటూ ఉంటుంది. “అక్కా, నేను లేనప్పుడు మా ఇంటికి వచ్చినవా?” అన్నాను. మిషన్ ఆపి చెప్పింది.

“నీకు చెప్పొద్దన్నది అత్తమ్మ. రోజూ వచ్చిన. మరిది ఆఫీసుకు పోకముందే అన్నం కావాలె, మల్ల రాత్రికి రొట్టెలు చెయ్యాలె. పెండ్లివాళ్ల బ్లౌజులు సుత వాపస్ ఇచ్చేసిన వసుధా. మీ బావనేమో, గదేం పెద్ద పని, జెర పోయి వచ్చేదే గదా అన్నడు.”

సోమవారం మీటింగులో లేచి నిలబడ్డాను. “ఈ ఎలుకల్లో క్రిములున్నాయి. ఈ రీడింగులు పనికిరావు. మళ్లీ మొదలుపెట్టాలి,” అన్నాను. సార్ ముఖం మాడిపోయింది. అయితే బెంగళూరు వెళ్లి, అలాంటి ఎలుకలను పెంచే కేంద్రంలో నెలరోజులుండి, కొత్త ఎలుకలను మీరే తెచ్చుకోండి, లేదంటే ఉద్యోగం మాట మరిచిపోండి అన్నారు అందరి ముందూ. అన్నాళ్లు సంసారం వదిలి ఉండలేనని ఆయన ధీమా. వెళ్తానన్నాను. బయటికి రాగానే అక్కకు మళ్లీ ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. అక్క ఏడ్చింది, తర్వాత నవ్వింది.

అన్నం వడ్డిస్తూ హరికిషన్‌కు చెప్పాను. “నెలరోజులు బెంగళూరు పోవాలె.”

“పో, ఎవరొద్దన్నరు? మాకేం ఫరక్ పడది,” అన్నాడు తల్లి వైపు చూసి. ఆమె ముసిముసిగా నవ్వింది.

“ఎరికే. అందుకే రెండు టికెట్లు తీసుకున్న,” అన్నాను పప్పు వేస్తూ. “రజితక్క సుత నాతోనే వస్తున్నది.”