ఫైల్లో ఒక్క వరస

మా ఊరి వేరుశనగ రైతుల సంఘానికి నాయన కార్యదర్శి. సంఘానికి వచ్చే మెయిళ్లు ఆయన చదవడు. "రెండు పేజీల మర్యాద, అర వరస పని" అంటాడు. అందుకని నేను చదువుతాను. చేయాల్సిన పనేమిటో, ఏ రోజో, ఫోన్‌లోని మామూలు ఫైల్లో ఒక్క వరసగా రాస్తాను. "సోమవారం - గార్లదిన్నె నుంచి విత్తనకాయలు తేవాలి." అంతే. పొద్దున టీ తాగుతూ నాయన ఆ ఫైలు చూస్తాడు. కుదరని పనిని ఇంకో రోజుకు మార్చమంటాడు. మారుస్తాను.

మొన్న నా పేరు మీదే ఒక మెయిలు వచ్చింది. అనంతపురంలో హాస్టలున్న కాలేజీలో ఇంటర్ సీటు. గురువారంలోగా తండ్రితో వచ్చి చేరకపోతే సీటు ఇంకొకరికి ఇస్తారట. నాయన ఎదుట నిలబడి అడగడం నాకు చేతకాదు. ఫైల్లో రాశాను: "గురువారం - లహరిని కాలేజీలో చేర్పించాలి." చేరకపోతే ఏమవుతుందో రాయలేదు. ఏ మెయిలుకూ అది రాయను.

బుధవారం సాయంత్రం వాన పడింది. ఈ వానకారులో ఇదే మొదటి మంచి వాన.

గురువారం పొద్దున ఫైలు చూసి నాయన నవ్వి అమ్మను పిలిచాడు.

"బయమ్మా, నీ కూతురు నాకే పని చెప్తాందే."

"చెప్పకుంటే నువ్వు యాడ కదుల్తావు?" అంది అమ్మ వంటింట్లోంచి.

"నేల పదునుగా ఉండాది పాపా. ఈపొద్దు విత్తకపోతే ఎండకు ఆరిపోతాది. కాలేజీ యాడికి పోతాది? ఆదివారానికి మార్చు."

మార్చాను.

ఆ రోజంతా గొర్రు వెనక నడుస్తూ విత్తనాలు వేశాను. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

శుక్రవారం కాలేజీ నుంచి ఇంకో మెయిలు వచ్చింది. చదివాను. అందులో ఎవరూ చేయాల్సింది ఏమీ లేదు.

ఆదివారం నాయన తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు.

"పా పాపా, బస్సుకు టైమైతాంది."

"సీటు పోయింది నాయనా. గురువారమే ఆఖరు."

"ఆ మాట చెప్పొద్దా నువ్వు?"

"రాసినాను గదా."

నాయన ఫోన్ తీసుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆఖరని ఈడ యాడుండాది?"

నేనూ చూశాను. ఎక్కడా లేదు. ఆదివారం అని ఉంది.

నాయన చొక్కా విప్పి దండెం మీద వేసి, విత్తింది చూసొస్తానని చేనికి పోయాడు. నేను ఆ వరస తీసేశాను.