కేకు మీద నా మాట

“ఇంకో వాయి బజ్జీలు వెయ్యి మంగా, గ్రూపు పదేళ్ల పండగ గదా ఈరోజు,” అన్నాడు మా ఆయన చలపతి, షర్టు చేతులు మడుచుకుంటూ. పొద్దుటి నుంచి స్టవ్ దగ్గరే ఉన్నాను. పొగకి అలారం మోగినప్పుడల్లా కుర్చీ ఎక్కి టవలుతో విసురుతున్నాను. ఆయన గ్రూపులో తలా ఒక వంటకం తేవాలన్నది పద్ధతి. ఆయన వంతు నేను వండుతాను. వాళ్లు వాటిని చలపతి బజ్జీలు అంటారు.

“మమ్, యు డోంట్ హావ్ టు గో,” అంది నీహారిక హోంవర్కులోంచి తల ఎత్తకుండా. దాన్ని పక్కింట్లో దింపి, గిన్నెలు కారులో సర్ది, డ్రైవింగ్ సీట్లో కూర్చున్నాను. వచ్చేటప్పుడు ఆయన తాగి ఉంటాడు కాబట్టి తాళాలు ఎప్పుడూ నా సంచిలోనే.

ఆ గ్రూపు నియమం వినడానికి బాగుంటుంది. ఒకరికంటే ఎక్కువమందిని ప్రేమించవచ్చు, కానీ దాపరికం ఉండకూడదు, ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి. చలపతి ఆఫీసులో పనిచేసే హిలరీ ఇక్కడే, ఇంగ్లండులో మేముండే స్టీవెనేజ్‌ ఊళ్లో, ఒక పబ్ మేడమీద మొదలుపెట్టింది. అప్పటికి నేను ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. “ఆఫీసు ఫ్రెండ్సు, ఒకసారి వచ్చి కనపడు,” అని తీసుకుపోయాడు. చంకలో నీహారిక ఒళ్లు కాలిపోతోంది. హిలరీ నా చేతులు పట్టుకుని ఇంగ్లీషులో ఏదో అడిగింది. నాకు అర్థం కాలేదు. చలపతి వైపు తిరిగి, “బిడ్డకు జొరం ఎక్కువైంది, ఇంటికి పోదాం రాండి,” అన్నాను. ఆయన అది వాళ్లకి చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. జ్వరానికి చప్పట్లు కొట్టే దేశం కాబోలు అనుకున్నాను.

శనివారాలు ఆయన కరోల్ అనే ఆమె ఇంట్లో ఉంటాడని తర్వాత తెలిసింది. అడిగితే నవ్వాడు. “మన పేర్లు చూడవే. ఆ వెంకటాచలపతికే ఇద్దరు. నేనెంత?” ఏడిస్తే, “నీకు మాత్రం ఎవరడ్డం? నువ్వూ చూసుకో,” అన్నాడు. ఒళ్లో పాప, సింకు నిండా అంట్లు, ఆయన పేరు మీద నా డిపెండెంట్ వీసా. ఎవర్ని చూసుకోను? ఒకసారి మీటింగులో పీటర్ అనే ముసలాయన నాతోపాటు ప్లేట్లు కడుగుతూ ఏదో జోకు వేస్తే నవ్వాను. వారం రోజులు చలపతి నాతో మాట్లాడలేదు. “నలుగురిలో ఆ ఇకిలింపు ఏంది?” అన్నాడు. అత్తకి ఫోనులో చెప్పుకుంటే, “మొగోడు ఇంటికైతే వస్తాండాడు గదా,” అంది. స్లౌ అనే ఊళ్లో తెలుగువాళ్ల ఉగాదికి పోయేటప్పుడు మాత్రం కారు దిగకముందే హెచ్చరిక: “ఆడ నోరు జారొద్దు. పరువు పోతుంది.” దాపరికం ఉండకూడదన్న నియమం స్టీవెనేజ్ దాటి ఎక్కడా పనిచేయదు.

పండగ జరిగే కమ్యూనిటీ సెంటర్ వంటగదిలో బజ్జీలు వేడి చేస్తూ, కత్తి కోసం వెతుకుతూ కేకు పెట్టె మూత తీశాను. నీలం క్రీముతో ఇంగ్లీషులో రాసి ఉంది. ఇప్పుడు నాకు చదవడం వచ్చు. ‘నా భర్త మనసు పెద్దది. అందులో ఎందరికైనా చోటుంది.’ కింద నా పేరు. అలివేలుమంగ, 1998.

గ్లాసు పట్టుకుని లోపలికొచ్చిన చలపతిని అడిగాను. “ఈ మాట ఎవరన్నారు?”

“నువ్వే. మొదటి రోజు.”

“బిడ్డకు జొరమన్నా నేను.”

“భార్య వచ్చి తన నోటితో సరే అంటేనే చేర్చుకుంటామన్నారు. ఏదో ఒకటి చెప్పాల్సొచ్చింది. పదేండ్లయింది, ఇప్పుడేంది? నవ్వుతా కోసెయ్.”

అప్పుడు అర్థమైంది ఆ చప్పట్లు ఎందుకో. పదేళ్లు ఈ మనుషుల ప్లేట్లు నింపాను. ఎవరికి గోధుమ పడదో, ఎవరికి పాలు పడవో కనుక్కునే ఈ మంచివాళ్లు, నాకు ఇంగ్లీషు వచ్చాక కూడా ఒక్కరూ నన్ను మళ్లీ అడగలేదు. ఒకసారి అడిగేశాంగా అన్నట్టు.

హాల్లో హిలరీ గ్రూపు చరిత్ర చెబుతోంది. పబ్ వాళ్లు పొమ్మంటే తన ఇంటి హాల్లో దుప్పట్లు పరిచి కూర్చున్న సంగతి, కప్పులు ఎవరు కడగాలని విడిపోబోయిన సంగతి చెప్పి అందర్నీ నవ్వించింది. తర్వాత ముందు వరసలో కూర్చున్న ఒక చిన్న వయసు అమ్మాయి వైపు తిరిగింది. కొత్తగా వచ్చారు, ఆమె, భర్త. ఆ పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి, చేతిలో టిష్యూ పొడి పొడి అయింది. “భయంగా ఉంటుంది, నాకు తెలుసు. ఇక్కడికి వచ్చిన ప్రతి భార్యకీ మేము మంగ మాటే చెబుతాం,” అంది హిలరీ, నా చేతికి కత్తి ఇస్తూ.

ప్రతి భార్యకీ. నా నోట్లో ఆయన పెట్టిన అబద్ధంతో ఎందరి నోళ్లు మూయించారో!

“రెండు మాటలు చెప్పు మంగా,” అంది హిలరీ.

“ఆమెకి సిగ్గు. నేను చెప్తాలే,” అని చలపతి లేచాడు.

“కూర్చోండి. ఈసారి నేనే చెప్పుకుంటా,” అన్నాను. తర్వాత ఇంగ్లీషులో, ఆ అమ్మాయినే చూస్తూ చెప్పాను. “ఆ రోజు నా బిడ్డకి జ్వరం. ఇంటికి వెళ్దామన్నాను. అంతే అన్నాను. ఈ కేకు మీద ఉన్నది నా మాట కాదు. నన్ను ఎవరూ అడగలేదు.”

హిలరీ మొహం తెల్లబోయింది. “మేము అడిగాం కదా, మంగా...”

“మీరు అడిగింది ఆయన్ని.”

హిలరీ చిన్న గొంతుతో, “మరి... నువ్వు ఒప్పుకున్నావా?” అంది.

“లేదు. ఆ రోజూ లేదు, ఈ రోజూ లేదు.”

కత్తిని కేకు పక్కన పెట్టి, బజ్జీల గిన్నె మూత పెట్టి చంకన పెట్టుకున్నాను. చలపతి వెనకాలే వచ్చి, పళ్లు బిగించి, “ఏం పనే ఇది? పద, ఇంటికి పోయి మాట్లాడదాం,” అన్నాడు.

సంచిలోంచి తాళాలు తీసుకున్నాను.

“ఇంటికి నేను పోతాండా చలపతీ. నువ్వు రావద్దు.”