పాత పోస్టులో లేని పేరు

పాతవాటిని కొత్తవిగా చేయడమే అంబిక ఉద్యోగం. బెంగళూరులోని ఒక చిన్న కంపెనీకి మదనపల్లె నీరుగట్టువారిపల్లెలోని తన ఇంట్లో కూర్చునే పనిచేస్తుంది. ఏ పళ్ల డాక్టరో, ఏ ఫర్నిచర్ షాపువాళ్లో ఎప్పుడో తమ వెబ్‌సైట్‌లో రాయించి పెట్టుకున్న వ్యాసాలు గూగుల్‌లో మూడో పేజీకో నాలుగో పేజీకో జారిపోయి ఉంటాయి. వాటిలో చెల్లని సంగతులు తీసేయాలి. జనం ఇప్పుడు ఏ మాటలతో వెతుకుతున్నారో చూసి ఆ మాటల్ని శీర్షికలోనూ మొదటి పేరాలోనూ కుదర్చాలి. తెగిపోయిన లింకులు సరిచేసి, కొత్త తేదీ వేయాలి. కొన్ని వారాలకు ఆ వ్యాసం మెల్లగా పైకి వస్తుంది. పక్కింట్లో పట్టుమగ్గం ఆడుతుంటే ఆ చప్పుడు వింటూ ఆమె ఏళ్ల తరబడి ఇదే పని చేస్తోంది.

తనకూ ఒక పాత బ్లాగు ఉందన్న సంగతి ఒకరోజు పొద్దున వచ్చిన ఈమెయిల్‌తో గుర్తొచ్చింది. తంబళ్లపల్లె నుంచి ఇందు అనే అమ్మాయి ఆ బ్లాగులో కామెంటు పెట్టింది. బంధువుల పెళ్లికని వాళ్లమ్మను వెంటబెట్టుకుని కుప్పానికి బయల్దేరిందట. పుంగనూరు నుంచి సాయంత్రం నేరుగా కుప్పానికి బస్సు ఉందని బ్లాగులో చదివి, దాన్నే నమ్ముకుని బస్టాండులో కూర్చుందట. ఆ బస్సు ఎప్పుడో ఆగిపోయిందని చీకటి పడ్డాక ఎవరో చెప్పారట. తల్లీకూతుళ్లు ఆటో మాట్లాడుకుని పలమనేరు చేరి, అక్కడి నుంచి నానా అవస్థా పడ్డారు. ఆ అమ్మాయి తిట్టలేదు. మీరు రాసింది చదవడానికి చాలా బాగుందని, కాకపోతే ఇంకొకరు ఇట్లా ఇబ్బంది పడకుండా దాన్ని మార్చమని మాత్రం అడిగింది.

అంబికకు ముఖం చెల్లనట్టయింది. రోజూ ఊరివాళ్ల పోస్టులు దిద్దే మనిషి తన పోస్టును పద్నాలుగేళ్లుగా తిరిగి చూడలేదు.

ఆ బ్లాగు పేరు ‘మూడూర్ల ముచ్చట్లు’. అంబిక, కృష్ణవేణి కుప్పంలో ఎమ్మే చదివేటప్పుడు హాస్టల్ గదిలో కూర్చుని మొదలుపెట్టారు. అంబికది మదనపల్లె, కృష్ణవేణిది పుంగనూరు, చదువు కుప్పంలో. ఈ మూడూర్ల మధ్య తిరిగే బస్సులు, బస్టాండు పక్కన దొరికే వేడి వడలు, హాస్టల్ పిల్లలు తినే చోట్లు, ఇవే వాళ్ల సంగతులు. బస్సు పోస్టులో కృష్ణవేణి ఇలా రాసింది: “కిటికీ సీటు కావల్లంటే పుంగనూరులోనే చున్నీ విసిరి పెట్టుకోండి. మా మాదిరి మొగమాటపడితే కుప్పం దాకా నిలబడుకోని పోవాల్సిందే.” అంబిక అది చదివి ఒక్కతే నవ్వుకుంది. ఆ బస్సులో ఇద్దరూ ఒకే సీటులో ఇరుక్కుని, పరీక్షలకు చదవాల్సిన కాగితాల్ని ఒళ్లో పెట్టుకుని, ఒక్క ముక్కా చదవకుండా దారంతా మాట్లాడుకుంటూ పోయిన రోజులు కళ్ల ముందుకొచ్చాయి.

బ్లాగు తెరవాలంటే కృష్ణవేణి కావాలి. దాన్ని ఆమె ఈమెయిల్ మీదే పెట్టారు. కామెంట్లు మాత్రం ఇద్దరికీ వచ్చేట్టు చేసుకున్నారు. కృష్ణవేణి ఇప్పుడు సోమలలో టీచరు, కాపురం పుంగనూరులో. ఇద్దరి మధ్యా గొడవేమీ జరగలేదు. పెళ్లిళ్లు, ఉద్యోగాలు, పిల్లలు. ఫోన్లు తగ్గాయి, తర్వాత పండగ మెసేజీలు మిగిలాయి, చివరికి అవీ పోయాయి. ఇన్నేళ్ల తర్వాత పాస్‌వర్డు కోసం ఫోన్ చేయడానికి అంబికకు సిగ్గేసింది. అయినా చేసింది.

“ఏమ్మే, బతికే ఉండావా?” అంది కృష్ణవేణి, నిన్ననే మాట్లాడి ఫోన్ పెట్టేసినట్టు.

సంగతంతా విని కృష్ణవేణి కాసేపు ఆలోచించింది. పాస్‌వర్డు బుజ్జమ్మ పేరూ, పక్కన హాస్టల్ గది నంబరూ అయి ఉండాలని చెప్పింది. అంబిక కొట్టి చూసింది. బ్లాగు తెరుచుకుంది.

బుజ్జమ్మ కుప్పంలో యూనివర్సిటీకి పోయే దారిలో చిన్న రేకుల షెడ్డులో మెస్సు నడిపేది. రాగి సంగటి, శెనక్కాయలు నూరి చేసే ఊరిబిండి పచ్చడి, ఆకుకూర పప్పు. ఇంటి మీద బెంగ పెట్టుకున్న ఆడపిల్లలు అక్కడికి పోయి కడుపునిండా తిని తేరుకునేవాళ్లు. ఆ మెస్సు గురించి అంబిక రాసిన పోస్టునే బ్లాగు మొత్తంలో ఎక్కువమంది చదివారు. ఈ మధ్య నెలల్లో కూడా జనం దాన్ని వెతుక్కుని వచ్చి చదువుతున్నట్టు లెక్కల్లో కనబడింది.

మెస్సు ఇంకా ఉంటుందని అంబిక అనుకోలేదు. తమ పనిలో ఇలాంటివాటికి ఒక పద్ధతి ఉందనీ, మూతపడిన చోటు గురించిన పోస్టు తీసేసి, దానికొచ్చే జనాన్ని ఇంకో పోస్టుకు మళ్లిస్తారనీ ఫోన్లో ఉన్న కృష్ణవేణితో చెప్పింది.

“మూసేసినారని నీకెట్ల తెలుసు? పోయి సూడకుండా యాల తీస్తావు?” అంది కృష్ణవేణి. “బస్సు సంగతి గూడా ఇంట్లో కూర్చోని రాస్తే మళ్లా తప్పే రాస్తాం. వచ్చే ఆదివారం పోదాం పద.”

ఆదివారం పొద్దున అంబిక మదనపల్లెలో బస్సెక్కింది. ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్టు డబ్బుల్లేవు. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా కొట్టిన కాగితం చేతిలో పెట్టాడు. పోస్టులో మార్చాల్సిన మొదటి సంగతి అదేనని ఫోన్లో రాసుకుంది. మార్కెట్ యార్డుకు పోయే టమోటా బండ్లు ఎదురొస్తుంటే బస్సు ఆగి ఆగి కదిలింది. పుంగనూరులో కృష్ణవేణి ఎక్కింది. కాస్త లావయింది, కళ్లద్దాలు వచ్చాయి. సీటు దగ్గరికి వచ్చి, జరుగు అన్నట్టు భుజంతో నెట్టి పక్కన కూర్చుంది. ఎట్లా పలకరించాలా అని దారంతా వెతుక్కుంటూ వచ్చిన అంబికకు ఆ అవసరమే రాలేదు.

పలమనేరులో బస్సు మారారు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంతసేపటికొక బస్సుందో కండక్టర్లను అడిగి రాసుకున్నారు. వి.కోట దాటాక రోడ్డు పక్క బోర్డుల మీద తెలుగు, కన్నడం, తమిళం కలిసిపోయి కనిపించాయి. పూలతోటలు మొదలయ్యాయి. చదువుకునేటప్పుడు సోమవారం పొద్దున ఈ తోటల దగ్గరికి వచ్చేసరికి తనకు ఏడుపు వచ్చేదని కృష్ణవేణి చెప్పింది. అంబికకు ఆ సంగతి అప్పుడు తెలియదు. కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటే చలిగాలికి అనుకునేది.

“మరి నాకు చెప్పలేదేమే?”

“నువ్వు పక్కనుంటివి గదా. అది సాల్లే అనుకుంటి.”



కుప్పంలో దిగి మెస్సు ఉన్న చోటికి నడిచారు. రేకుల షెడ్డు లేదు. అక్కడొక జెరాక్సు షాపు ఉంది. షాపతన్ని అడిగితే, వాళ్ల చేతుల్లోని ఫోన్ల వైపు చూసి, ముందే తెలిసినట్టు, వెనక సందులో మూడో ఇల్లని చెప్పాడు.

బుజ్జమ్మ వరండాలో నవారు మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది, మోకాళ్లకు గుడ్డ చుట్టుకుంది. వీళ్లను గుర్తుపట్టలేదు. “మీరూ ఫోన్లో సూసి వస్తిరా పాపా?” అని, వాళ్లు బదులు చెప్పేలోపే లోపలికి తిరిగి, ఇద్దరు వచ్చుండారు, ఎసరు పెట్టమని కోడలికి కేక వేసింది.

కోడలు స్వర్ణలత బయటికి వచ్చింది. మెస్సు మూసి ఏళ్లయిందని ఆమె చెప్పింది. అయినా ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని వెతుక్కుంటూ వస్తూనే ఉంటారు. బెంగళూరు నుంచి బండ్ల మీద వచ్చే పిల్లలు, పాత విద్యార్థులు, ఒకసారి పిల్లాపాపలతో సహా ఒక కుటుంబం. అంత దూరం వచ్చినవాళ్లను ఉత్త కడుపుతో పంపడానికి అత్తకు మనసొప్పదు. మోకాళ్లు పట్టేసి తాను లేవలేదు కాబట్టి చేయాల్సింది కోడలే.

“ఆదివారం ఒక్క పూట ఇంటి పట్టున ఉంటాను అక్కా. ఆ పూటే వస్తారు,” అంది స్వర్ణలత. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది.

అంబిక, కృష్ణవేణి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ పోస్టు రాసింది తామేనని కృష్ణవేణి చెప్పింది. బుజ్జమ్మ ఇద్దరినీ దగ్గరికి పిలిచి, గడ్డాలు పట్టుకుని వెలుగులోకి తిప్పి చూసింది.

“పుంగనూరు పాప. నువ్వేమో లైబ్రరీ పాప,” అంది. “అంతమంది సదువుకోని వస్తాండారు, దాంట్లో ఏముందో నాకు ఒగరూ సదివి సెప్పలేదు. సదువు.”

కృష్ణవేణి మంచం మీద ఆమె పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టింది. మెస్సు ముందరి బంక మట్టి, వర్షం వస్తే రేకుల మీద చప్పుడుకు ఎవరి మాటా వినబడకపోవడం, ఊరిబిండి ఇంకొంచెం అడగడానికి కొత్త పిల్లలు పడే మొహమాటం. బుజ్జమ్మ అక్కడక్కడా నవ్వింది. చింతపండు పక్కన పెట్టేసి వింది. కృష్ణవేణి తర్వాతి వాక్యం చదివింది: “ఒక్క ఉండ కూడా లేకుండా, వెన్న మాదిరి ఉండే ఆ సంగటి బుజ్జమ్మక్క చేతి మహిమ.”

“ఆడ ఆపు,” అంది బుజ్జమ్మ. “ఆ సంగటి నాది కాదు పాపా. ఎంకటమ్మది.”

ఇద్దరికీ వెంకటమ్మ ఎవరో తెలియలేదు.

పక్క పల్లె నుంచి తెల్లారకముందే నడిచి వచ్చేదట. మెస్సు పెట్టిన రోజు నుంచి మూసేదాకా పొయ్యి దగ్గర ఉన్నది ఆమే. అంత పెద్ద డేగిసాను రెండు కాళ్లతో అదిమిపెట్టి తెడ్డుతో సంగటి గెలికేది. ఆ సెగకు ముంజేతుల మీద వెంట్రుక ఉండేది కాదు. కరోనా వచ్చిన ఏడు చనిపోయింది.

“నేను వడ్డిస్తా ఉంటి, మీరు నా మొగమే సూస్తిరి. ఆమె మొగం గోడతట్టు ఉండె,” అంది బుజ్జమ్మ. “లైబ్రరీ నుంచి ఆలీసంగా వచ్చే పాపకని రోజూ ఒక ముద్ద తడిగుడ్డ కింద ఎత్తిపెట్టేది. నేను మర్సిపోయినా ఆమె మర్సేది కాదు.”

అంబిక కళ్లు దించుకుంది. ఆ ముద్ద ఆమెకు బాగా గుర్తుంది. ఎంత ఆలస్యమైనా వేడి తగ్గకుండా ఉండేది. అది బుజ్జమ్మ తన మీద ప్రేమతో దాచేదనుకుని పోస్టులో ఆ సంగతీ రాసుకుంది. వెంకటమ్మను గుర్తు చేసుకోవాలని చాలా ప్రయత్నించింది. ఏమీ రాలేదు. కృష్ణవేణికి మాత్రం పొగలో ఒక వీపు, చెమటకు అంటుకుపోయిన రవిక, వెనక్కి చూడకుండా గిన్నె అందించే చెయ్యి గుర్తొచ్చాయి. అంతకుమించి ఆమెకూ లేదు.

ఏం మార్చమంటారని అంబిక బుజ్జమ్మను అడిగింది.

“మెస్సు లేదని రాయండి. ఈ పిల్లను సూడు, ఎండిపోతాంది,” అని కోడల్ని చూపించింది. “ఎంకటమ్మ పేరు పెట్టండి. అంతే.”

ఆ పూట వాళ్లు స్వర్ణలతను పొయ్యి దగ్గరికి పోనివ్వలేదు. బస్టాండు దగ్గర నుంచి కృష్ణవేణి అందరికీ ఇడ్లీలు కట్టించుకుని వచ్చింది.

తిరుగు బస్సులో పుంగనూరు వచ్చేసరికి పొద్దు వాలింది. కృష్ణవేణి దిగుతూ అంబిక సంచి కూడా పట్టుకుని దిగేసింది. ఇక అంబిక దిగక తప్పలేదు. కృష్ణవేణి భర్త శివకుమార్ దోసెలు పోస్తుంటే వాళ్లిద్దరూ భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నారు.

బస్సు పోస్టు మొత్తం తిరగరాశారు. ఆగిపోయిన బస్సు తీసేశారు, పలమనేరులో మారాలని రాశారు, ఉచిత ప్రయాణానికి ఏ కార్డు చూపించాలో రాశారు. జనం వెతికే మాటలన్నీ అంబిక ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టింది. చున్నీ వాక్యం ఎవరూ వెతకరు గనక తీసేద్దామని ఆమె, ఉండాలని కృష్ణవేణి కాసేపు వాదులాడుకున్నారు. చివరికి ఉంచారు.

మెస్సు పోస్టు దగ్గర అంబిక చెయ్యి ఆగింది. పాత వాక్యాలను ముట్టుకోబుద్ధి కాలేదు. వాటిని అలాగే ఉంచి, పైన కొత్త తేదీతో రెండు మాటలు రాసింది. మెస్సు ఇప్పుడు లేదు, దయచేసి వెతుక్కుంటూ పోకండి. కింద కృష్ణవేణి చెబుతుంటే వెంకటమ్మ గురించి ఒక పేరా రాసింది. ఆ ముద్ద ఎవరు దాచేవారో తనకు ఇన్నేళ్లూ తెలియదని కూడా రాసింది. శీర్షికలో కుప్పం, భోజనం, మెస్ అన్న మాటలు తీసేసి ‘బుజ్జమ్మ, వెంకటమ్మ’ అని పెట్టింది. అలా పెడితే గూగుల్‌లో అది కిందికి పోతుందని ఆమెకు తెలుసు. పోనీ అనుకుంది.

అనుకున్నట్టే అయింది. నెల తిరిగేసరికి బస్సు పోస్టు మొదటి పేజీలోకి వచ్చింది. మెస్సు పోస్టు ఎవరికీ కనబడనంత దూరం పోయింది.

శివరాత్రికి ముందు స్వర్ణలత ఫోన్ చేసింది. ఆదివారాలు ఇప్పుడు తీరిగ్గా ఉన్నాయని చెప్పింది. ఆ వెంటనే, “ముసలామెకే తోస్తా లేదక్కా. సందులో బండి చప్పుడైతే తల ఎత్తి సూస్తాది,” అంది.

అంబిక ఆ మాట కృష్ణవేణికి చెప్పింది. తర్వాతి ఆదివారం ఇద్దరూ కుప్పం పోయారు. కృష్ణవేణి పుంగనూరు మిల్లులో పట్టించిన రాగిపిండి తెచ్చింది. స్వర్ణలతను మంచం మీద అత్త పక్కన కూర్చోబెట్టారు. అంబిక డేగిసాను పట్టుకుంటే కృష్ణవేణి తెడ్డు తిప్పింది. కాసేపటికే చేతులు పడిపోతున్నాయని తెడ్డు అంబికకు ఇచ్చింది. బుజ్జమ్మ మంచం మీద నుంచే ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ ఉంది. సంగటి ఉండలు ఉండలుగా వచ్చింది.

బుజ్జమ్మ ముద్ద తుంచి ఊరిబిండిలో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. బాగుందనీ అనలేదు, బాగలేదనీ అనలేదు. తినడం అయ్యాక పళ్లెం ముందుకు జరిపి ఇంకో ముద్ద వేయమంది.