వాసన రాని గ్లాసు

దుకాణం షట్టరు ఎత్తే ముందు దర్జీ రోజూ వీధి ఒక చుట్టు చుట్టి వచ్చేది. ఎక్కడ చెత్త పేరుకుందో, ఏ మ్యాన్‌హోల్‌కి మూత లేదో ఫోనులో తీసి, వీధి పేరు చెప్పి, జనంలోకి వదిలేది. అంతకు మించి మాట్లాడేది కాదు. ఆ అవసరమూ లేదు. ఆమె వీడియో తెరిస్తే వాసన వచ్చేది. చెత్త చూపిస్తే చెత్త వాసన, వాన చూపిస్తే వాన వాసన.

"భోజనాల వేళ పెట్టకమ్మా తల్లీ. మీ అన్నయ్య కంచం ముందు నుంచి లేచిపోతున్నారు," అని ఎదురింటావిడ విసుక్కునేది.

"లేస్తే లేచారు. అటునుంచటే మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళమను వదినా."

గొట్టం పగిలి మురుగు మంచినీళ్ళలో కలిసినప్పుడు ఆ వీడియో కూడా పెట్టింది. ఊళ్ళో సగంమంది ముక్కులు మూసుకున్నారు. కౌన్సిలర్ మాత్రం తన మనిషి చేత ఫోను కిటికీ బయట పట్టించి, దూరం నుంచి చూసి, "ఆడవాళ్ళకి పనిలేకపోతే ఇంతే," అన్నాడు. గొట్టం అలాగే ఉండిపోయింది. దర్జీ చెల్లెలు కడుపుతో ఉండి, ఆ నీళ్ళే తాగి, కామెర్లతో పోయింది. పరామర్శకి వచ్చిన కౌన్సిలర్ "బయట తిండి తినుంటుంది," అని తేల్చేసి, ఫోటో దిగి వెళ్ళాడు.

అప్పటినుంచి దర్జీకి ఒకటే కోరిక. మునిసిపల్ చైర్మన్ కుర్చీ మీద కన్నేసిన ఈ మనిషి అందులో కూర్చోకూడదు.

చైర్మన్ అభ్యర్థిని పార్టీ ప్రకటించే రోజు పొద్దున్నే అతనే దుకాణానికి వచ్చాడు. గొట్టం బాగుచేయించాడట. కుళాయి దగ్గరే నిలబడి నీళ్ళు తాగుతాడట. లైవ్ పెట్టాలట.

"నీ ఫోనులో అయితేనే జనం నమ్ముతారు చెల్లెమ్మా."

ఆ పిలుపు వినగానే సూది ఆమె వేల్లో దిగింది. వేలు చీకుతూ లేచి, "పదండి అన్నయ్యా," అంది.

కుళాయి దగ్గర అతని మనిషి అప్పటికే నింపి ఉంచిన గ్లాసు అందించాడు. కౌన్సిలర్ గడగడా తాగి, మూతి తుడుచుకుని నవ్వాడు. ఊరంతా ఫోన్లు ముక్కుల దగ్గర పెట్టుకుంది.

"చూశారా, ఏ వాసనా లేదు," అన్నాడు.

ఆ నీళ్ళు ఏనాడూ తాగని మనిషి మాత్రమే అనగలిగిన మాట అది. ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. ఆడవాళ్ళు బయటికొచ్చారు.

"ఏ వాసనా రాకపోవడమేంటండీ? మన నీళ్ళు శుభ్రంగా ఉన్న రోజు కూడా తుప్పు వాసన, బ్లీచింగ్ పౌడర్ వాసన కొడతాయి. ఇవి సీసా నీళ్ళు," అంది ఎదురింటావిడ. అతని చేతిలోంచి గ్లాసు లాక్కుని, కుళాయి తిప్పి, నింపి మళ్ళీ అతని చేతిలోనే పెట్టింది. ఊళ్ళో ఫోన్లన్నీ ఒక్కసారిగా కంపుకొట్టాయి.

"సిగ్నల్ సరిగ్గా లేనట్టుంది. ఆపెయ్ చెల్లెమ్మా."

"బ్రహ్మాండంగా ఉంది. తాగండి."

గ్లాసు పెదవుల దాకా వెళ్ళింది. అక్కడ ముక్కు ఒప్పుకోలేదు. దర్జీ ఒకడుగు ముందుకు వేసి, ఆ ముడుచుకున్న మొహాన్ని తెరనిండా పట్టింది. అతను చుట్టూ చూశాడు. ఎవరూ పక్కకి జరగలేదు. చివరికి నీళ్ళు నేలమీద పారబోశాడు. ఊరి అవతలి చివర లైవ్ చూస్తున్న పార్టీ పెద్ద కాఫీ కప్పు పక్కన పెట్టి, కిటికీలన్నీ తెరిపించాడు.

సాయంత్రం ప్రకటించిన పేరు వేరెవరిదో.

"పోయినపిల్ల ఎలాగూ రాదు. క్షమించేసి మనసు తేలిక చేసుకోవే," అని పక్కింటి పెద్దావిడ ఆమె వీపు నిమిరింది.

"తేలికైంది పిన్నీ," అంది దర్జీ. "క్షమించకుండానే."

చెల్లెలు పోయాక మొదటిసారి ఆ పూట రెండోసారి అన్నం వడ్డించుకుంది.