మడ్డిలో నానిన కారు

బొంబాయి మిల్లుకని బస్సెక్కిన మా బాపు తిరిగి రాలేదు. అప్పటినుంచి హారను మోగితే చాలు, చెవులు మూసుకునేదాన్ని. అలాంటిది నా వాకిట్లోకే చెన్నకేశవరావు ఎడ్లను కట్టి ఒక కారును లాక్కొచ్చాడు.

ఆయన బోధన్ కాలువ కింద చెరుకు పండించే కోస్తా రైతు. కారు ఏ నవాబు విలాసానికి కొన్నదో గాని రెండే సీట్లు, పైకప్పు లేదు, ఒళ్లంతా తుప్పు. మా ఆయన ముత్యం చెరుకు గానుగలు బాగుచేసేవాడు. కారు ఇంజను చూడటం అదే మొదలు. దాన్ని నడిపిస్తే హైదరాబాదులో తాను పెట్టే షెడ్డును ముత్యానికే అప్పజెబుతానని రావుగారు మాటిచ్చాడు. అక్కడ కుదురుకునేదాకా మాత్రం ఒక్కడే రావాలట.

ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ముత్యం విప్పిన సామాన్లను వరుస తప్పకుండా, పసుపు కొమ్ములు ఆరబోసినట్టు వాకిట్లో పరిచేవాడు. కోళ్లను తోలడం నా పని. తోలుతూ తోలుతూ పానా పట్టడం నేనూ నేర్చుకున్నాను. తుప్పు వదలడానికి, ఫ్యాక్టరీలో చక్కెర తీశాక మిగిలే నల్ల మడ్డిని తెచ్చి, నీళ్లు కలిపి, అందులో ఇనుము నానబెట్టాడు. కొన్నాళ్లకు అది కొత్తదానిలా తేలింది. ఆ సంబరంలో ఇంజనుకు పెట్రోలు అందించే చిన్న గిన్నె మీది సత్తు మూతనూ అందులోనే వేశాడు. తీసి చూస్తే జల్లెడ.

“సత్తు గిన్నెల పులుసు వెడితె ఏమైతదో ఎన్నడు సూడలేదా?” అన్నాను.

“నన్నెన్నడన్న పొయ్యికాడికి రానిచ్చినవా?” అన్నాడు. అని, కారుకు ఆనుకుని కూలబడ్డాడు.

అలాంటి మూత ఎక్కడా దొరకలేదు. ఇక ఈయన ఎక్కడికీ పోడని నా గుండె కుదుటపడింది. కాని కంచం ముందు కూర్చుని ఆయన చేతుల మసి చూసుకుంటుంటే ఆ నెమ్మది నిలవలేదు. నన్ను సాగనంపేటప్పుడు మా అవ్వ ఇచ్చిన ఇత్తడి చెంబును, ఆ తూట్ల మూతను కొంగున చుట్టుకుని, నిజామాబాదుకు నేనే బస్సెక్కాను. అక్కడి కంచరి పాత మూత తూట్లు మైనంతో పూడ్చి, దాని అచ్చున చెంబును కరిగించి కొత్తది పోశాడు. దాన్ని నేనే బిగించాను. ఎక్కువ తిప్పితే మర జారుతుంది, తక్కువైతే పెట్రోలు కారుతుంది.

కారు లేచింది. పొగకు కోళ్లు గోడెక్కాయి. రావుగారు కండువా సర్దుకుని ఎక్కబోతే ముత్యం అడ్డు నిలిచాడు.

“గా మూత ఎంత బిగించాల్నో ఈమె చేతికే ఎరుక, రావు సాబ్. తొవ్వల వదులైతె నాతోని కాదు. మీరు బస్సుల రాండ్రి.”

“నా కారు ముందు పోతుంటే నేను వెనకాల బస్సులో రావాలటయ్యా?”

“సీట్లు రెండే ఉన్నయి మరి.”

రావుగారు కారును చూశాడు, నన్ను చూశాడు, కండువాతో మొహం తుడుచుకుని బస్టాండు దారి పట్టాడు. నేను కోళ్లను పక్కింటి సాయవ్వకు అప్పజెప్పి, పానా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

హైదరాబాదు దాకా హారను నేనే కొట్టాను.