కాలేజీకి తీసుకెళ్లిన మోటారు

ప్రమీలారాణి ఏదీ ఒక పట్టాన నమ్మే మనిషి కాదు. కూరల బండి వస్తే వంకాయ తుంచి చూశాకే బేరమాడుతుంది. విత్తనాల ప్యాకెట్టు మీది తేదీని కొట్టువాడి ఎదురుగానే రెండుసార్లు చదువుతుంది. పెనుగంచిప్రోలులో ఆవిడ సంగతి తెలియని వ్యాపారి లేడు.

అలాంటి మనిషి చేతికి జూన్‌లో కూతురు కృష్ణప్రియ ఒక కరపత్రం తెచ్చి ఇచ్చింది. నందిగామ బైపాస్ పక్కన నిరుడు పెట్టిన కమ్యూనిటీ కాలేజీలో ఆదివారం ఓపెన్ హౌస్ అట. ఎలక్ట్రికల్, వెల్డింగ్, నర్సింగ్ అసిస్టెంట్, డ్రోన్‌తో మందు కొట్టడం, అన్నీ అక్కడికక్కడే చేసి చూపిస్తారట. వచ్చినవాళ్ల చేత కూడా చేయిస్తారట.

“ఇంటర్ అయిపోయిందిగా అమ్మా. నాకు ఎలక్ట్రికల్‌లో చేరాలని ఉంది. రెండేళ్లే,” అంది కృష్ణప్రియ.

“చేసి చూపించడంలో ఏవుంది? ముందురోజు వాళ్లే ఊడదీసి పెట్టుకుని, మనం వెళ్లాక బిగిస్తారు. జగ్గయ్యపేటలో ఆ కంప్యూటర్ వాళ్లూ ఇట్టాగే రంగు కాగితాలు పంచారు. ఆర్నెల్లు తిరక్కుండా అక్కడ చెప్పుల షాపు వెలిసింది.”

అన్నదే గానీ, ఆదివారం పొద్దున్నే ఆటో పిలిపించింది. భర్త దశరథరామయ్య ముందురోజే జి.కొండూరులో బంధువుల గృహప్రవేశానికి వెళ్లాడు. పశువుల పాకలో పది రోజులుగా పడి ఉన్న పొలం మోటారును పాలేరు చేత ఆటోలోకి ఎత్తించింది ప్రమీలారాణి. మార్చిలోనే జగ్గయ్యపేట బసవయ్య దానికి కొత్త తీగ చుట్టి వైండింగ్ చేశాడు. మూడు నెలలకే మళ్లీ కాలింది. లో ఓల్టేజీ అన్నాడు బసవయ్య. ఇరవై ఏళ్లుగా ఆ ఇంటి మోటార్లన్నీ చూసే మనిషి, ఆయన మాటకి తిరుగు లేదు. వాన జాడ లేక పత్తి మొలకలు వాడిపోతున్నాయి. పక్క పొలం వాళ్లని బతిమాలి నీళ్లు పెట్టుకుంటున్నారు.

“దీన్నెందుకమ్మా?” అంది కృష్ణప్రియ నీరసంగా.

“వాళ్ల మోటారుకి వాళ్లు పెట్టుకున్న జబ్బు వాళ్లకి తెలియదా ఏంటి? మన మోటారు జబ్బు చెప్పమను చూద్దాం.”

కాలేజీ గేటు దగ్గర పూల దండలు, లోపల షామియానా, ఒక పక్క వెల్డింగ్ మెరుపులు. ఎలక్ట్రికల్ షెడ్డులో బల్లల మీద కొత్త రంగు వేసిన మోటార్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఆ రంగు చూడగానే ప్రమీలారాణి పెదవి విరిచింది. తిరుపతిరావు అనే మాస్టారు ఆ షెడ్డుకి పెద్ద. ఇద్దరు మనుషులు మోసుకొస్తున్న మట్టి కొట్టుకున్న మోటారును చూసి ఆయన కంగారు పడ్డాడు.

“అమ్మా, ఇవాళ డెమో కోసం మోటార్లు విడిగా ఉన్నాయండి. మీది రేపు చూసి పెడతాం.”

“రేపైతే మా బసవయ్య కూడా చూస్తాడండి. ఇవాళ చూసేవాళ్లు ఉన్నారనే తెచ్చా.”

చుట్టూ ఉన్న తల్లిదండ్రులు నవ్వు ఆపుకుని దగ్గరికి జరిగారు. మాస్టారు ఏదో అనబోతుంటే, ఖాకీ కోటు వేసుకున్న ఒక ఆవిడ బల్ల అవతలి నుంచి వచ్చింది. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. ఆమె పేరు ఆరోగ్యమ్మ, ఊరు పరిటాల. రెండో సంవత్సరం చదువుతోంది.

“నేను విప్పుతా సార్. మీరు ఆ పిల్లలకి చూపించండి,” అంది.

ఇంత వయసు మనిషి విద్యార్థి ఏమిటి? జీతానికి తెచ్చి నిలబెట్టారేమో అనుకుంది ప్రమీలారాణి. “అంతకుముందు ఏ షాపులో చేసేదానివమ్మా?” అని ఆరా తీసింది.

“షాపు కాదండి. పత్తి తీతకి, మిరపకాయ కోతకి పోయేదాన్ని,” అంది ఆరోగ్యమ్మ బోల్టు మీద నుంచి చూపు తిప్పకుండా.

మీటరు పెట్టి చూసింది. వైండింగ్ బాడీకి తగులుతోందని చెప్పి మూత తీసింది. కమురు వాసన గుప్పుమంది. ప్రమీలారాణి బల్లకి ఆనుకుని గంటసేపు కదల్లేదు. బోల్టులు ఎన్ని తీసిందో, ఏ డబ్బాలో వేసిందో కనిపెడుతూనే ఉంది. మధ్యలో నర్సింగ్ పిల్లలు వచ్చి బీపీ చూస్తామన్నారు. వద్దంది. కృష్ణప్రియ చెయ్యి పట్టుకుని లాగితే వెళ్లింది. బీపీ కొంచెం ఎక్కువే ఉందన్నారు. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చింది.

ఆరోగ్యమ్మ ఆమె కోసమే చూస్తోంది. “అమ్మా, ఈ వైండింగ్ ఎవరు చేశారండి?”

“ఎందుకు?”

కాలిన కాయిల్లోంచి ఒక ముక్క తుంచి, బ్లేడుతో కలిపి ఆమె చేతిలో పెట్టింది ఆరోగ్యమ్మ. “నేను చెబితే నమ్ముతారో లేదో. మీరే గీకండి.”

ప్రమీలారాణి గీకింది. మసి రాలింది. దాని కింద రాగి రంగు పూత కొంచెం కనిపించి లేచిపోయింది. లోపల తీగ తెల్లగా మెరిసింది. కాలేజీలో వాడే తీగ ముక్క కూడా ఒకటి ఇచ్చారు. దాన్నీ గీకింది. లోపలా ఎర్రగానే ఉంది.

“మీదాంట్లో వేసింది అల్యూమినియం అండి. రాగి వేసే సైజులోనే ఇది వేస్తే ఆ లోడుకి ఆగదు. వేడెక్కి కాలుద్ది. కరెంటు బాగున్నా కాలిపోయేదే.”

షెడ్డులో అందరూ ప్రమీలారాణి మొహంలోకి చూశారు. ఆమెకి ముందు బసవయ్య గుర్తొచ్చాడు, వెంటనే ఆ ఐదు నిమిషాలు గుర్తొచ్చాయి.

“నేను బీపీ కోసం వెళ్లినప్పుడు ఇక్కడ ఎవరున్నారు?”

కృష్ణప్రియ తల దించుకుంది. ఆరోగ్యమ్మ చేతిలోని స్పానరు బల్ల మీద పెట్టింది.

“నేనే ఉన్నానండి. ఇట్టా కాలి పట్టేసిన కాయిలు ఒక్కటి లాగటానికే గంట పడుద్ది. మొత్తం మార్చి, మళ్లీ కాల్చి, మసి పూయటం ఐదు నిమిషాల్లో ఎవరి వల్లా కాదు.”

మాట సబబుగానే ఉంది. అయినా ప్రమీలారాణి మనసు ఒప్పుకోలేదు. కాలేజీలో పిల్లలు చేరాలంటే ఊళ్లో మెకానిక్కులు పనికిరారని చూపించాలి గదా. తీగ ముక్కని కొంగున ముడేసుకుంది. మోటారు విప్పిన భాగాలన్నీ గోనెసంచిలో వేయించి, ఆటోని జగ్గయ్యపేట పోనిమ్మంది.

బసవయ్య షాపులో ఒక్కడే ఉన్నాడు. ఆమె కొంగు విప్పి తీగ చూపించి జరిగింది చెప్పింది.

“కాలేజీ వాళ్లు మార్చి ఉంటార్లే చెల్లెమ్మా. వాళ్లకి అడ్మిషన్లు కావాలిగా,” అన్నాడు బసవయ్య.

ప్రమీలారాణికి గుండెల మీద బరువు దిగినట్టయింది. తను అనుకున్నదీ అదే. లేవబోతుంటే కృష్ణప్రియ అడిగింది.

“మామయ్యా, మార్చిలో మీరు వేసింది రాగేనా?”

బసవయ్య గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. వేలు వేలు తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి ఇంకేం లేకపోయినా గుడ్డ కింద పెట్టలేదు.

“బావగారినే అడగండమ్మా,” అన్నాడు చివరికి.

“ఆయన్ని అడిగేదేంటి అన్నయ్యా? చేసింది మీరు.”

“చేసింది నేనే. రాగి రేటు చెబితే బావగారు వెనకాడారు. మిర్చికి ధర లేదు, ఈ ఏడాదికి గడిస్తే చాలు, తక్కువలో కానిమ్మన్నారు. నీకు తెలిస్తే ఒప్పుకోవని, చెప్పొద్దన్నారు. కాలిందని వచ్చినప్పుడు నాకు నోరు రాలా. ఓల్టేజీ మీదికి తోశా. ఇప్పుడు కాలేజీ మీదికి తోయబోయా. తప్పే చెల్లెమ్మా.”

ప్రమీలారాణి స్టూలు మీద కూర్చుండిపోయింది. ఇరవై మూడేళ్ల కాపురంలో విత్తనాల వాణ్ణి అనుమానించింది, పాలవాణ్ణి అనుమానించింది, కన్న కూతురు ఫోన్లో ఎవరితో మాట్లాడుతోందో చెవి వొగ్గి విన్నది. దశరథరామయ్యని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. ఆయన అబద్ధం చెప్పగలడని తోచనే లేదు.

సాయంత్రం ఆయన గృహప్రవేశం లడ్డూలు పట్టుకుని వచ్చాడు. అరుగు మీద గోనెసంచీ, విప్పేసిన మోటారూ చూసి చెప్పులు విడవకుండానే నిలబడిపోయాడు.

“బసవయ్య చెప్పాడా?”

“మీరు ఎందుకు చెప్పలేదు?”

“చెబితే వద్దంటావు.”

“అంటా. అందుకేగా చెప్పాలి.”

ఆయన అరుగు చివర కూర్చున్నాడు. “నిరుడు నల్లి పురుగు పట్టి మిరపతోట పోయినప్పుడు నువ్వు పది రోజులు సరిగ్గా అన్నం తిన్లా. మళ్లీ అట్టా చూడలేక, ఖర్చు సంగతి నీ దాకా రానియ్యలా.”

అది నిజమో, ఇప్పటికిప్పుడు అల్లిన మాటో ప్రమీలారాణికి తెలియలేదు. ఇంతకుముందైతే ఆ ప్రశ్నే పుట్టేది కాదు. ఆమెని ఎక్కువ బాధపెట్టింది అదే. అన్నం వడ్డించింది గానీ మాట్లాడలేదు.

మర్నాడు మోటారుని దశరథరామయ్యే ఆటోలోకి ఎత్తి, తల్లీకూతుళ్లని కాలేజీకి పంపాడు. దారిలో కొట్టు దగ్గర దిగి రాగి తీగ ప్రమీలారాణే కొన్నది. షెడ్డులోకి వెళ్లి ఆ చుట్టని ఆరోగ్యమ్మ ముందు పెట్టింది.

“నిన్న నిన్ను నలుగుర్లో అడక్కూడని మాట అడిగా.”

“అడిగితే ఏవైందండి. నేను మోటారు బాగుచేస్తానంటే మా ఆయన మూడు నెలలు నమ్మలా. మా ఇంటి ఫ్యాను తిరిగాక నమ్మాడు,” అంది ఆరోగ్యమ్మ. తర్వాత కృష్ణప్రియని పిలిచి, మోటారు లోపలి గాడుల్లో తీగ కింద కాగితం ఎలా మడిచి పెట్టాలో చూపించింది. మొదటి నాలుగు కాగితాలు చిరిగిపోయాయి. అయిదోది కుదురుకుంది. ప్రమీలారాణి ఆ మధ్యాహ్నమంతా కుర్చీ వేయించుకుని కూతురి వేళ్ల వంకే చూస్తూ కూర్చుంది. ఇంటికి బయల్దేరే ముందు తిరుపతిరావుని అడిగి అడ్మిషన్ ఫారం తీసుకుంది.

గురువారం మోటారు పొలం చేరింది. దశరథరామయ్య స్టార్టరు నొక్కాడు. పైపు రెండుసార్లు దగ్గి నీళ్లు వదిలింది. పత్తి సాళ్ల వెంట నీళ్లు ఎక్కడిదాకా పాకాయో చూసుకుంటూ భార్యాభర్తలిద్దరూ గట్టు మీద చెరో వైపూ నడిచారు. చివర కలిశారు.

“యూరియా ఎప్పుడు వేద్దాం?” అన్నాడు ఆయన.

“ఉన్నది ఎన్ని కట్టలో నిజం చెప్పండి, అప్పుడు చూద్దాం,” అంది ప్రమీలారాణి.

మూడు కట్టలని చెప్పాడు. నాలుగు రోజుల తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు.