బిస్కట్ ఏం తప్పు చేసింది?

సోమవారం ఉదయం లోర్నా ట్వైట్ నాలుగో తరగతి గది తలుపు తీసేసరికి కిటికీ పక్క పంజరంలో ఏడు గులాబీరంగు పిల్లలు కదులుతున్నాయి. ఒంటిమీద వెంట్రుక లేదు, కళ్ళు తెరుచుకోలేదు. ఒక్కొక్కటి చిక్కుడుగింజంత ఉంది. మగదని చెప్పి దుకాణంలో అమ్మిన, బొద్దు ఎలుకలాంటి హామ్‌స్టర్ బిస్కట్, వాటిని పొట్ట కింద దాచుకుని బిత్తరచూపులు చూస్తోంది.

మోంటానా గోధుమపొలాల మధ్యనున్న ఆ చిన్న బడిలో అది పెద్ద వార్త. పిల్లలు పంజరం చుట్టూ మూగి వేళ్ళు దూర్చారు. పక్క తరగతులవాళ్ళూ వచ్చి చూసిపోయారు. శుభ్రంగా ఉంటుందని లోర్నా పంజరంలో పరిచిన పాత రంపపు పొట్టు అంతా తీసేసి కొత్తది పరిచింది. అందరూ ప్రేమతోనే చేశారు. ప్రేమతో చేసిందంతా మేలే చేస్తుందని మనం నమ్ముతాం గదా!

మంగళవారానికి ఐదే మిగిలాయి.

"తినేసింది టీచర్! సొంత పిల్లల్నే తినేసింది!" ట్రెంట్ అరిచాడు.

"ఛీ, ఇదేం తల్లి! మిగతావాటిని తీసేద్దాం, మేం పాలు పడతాం" అంది బ్రిన్లీ.

లోర్నా చెయ్యి పంజరం తలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. వదిలేస్తే రేపటికి ఈ ఐదూ ఉంటాయా? తీసేస్తే ఎలా బతికించడం? ఇరవై ఆరేళ్ళుగా పాఠాలు చెబుతున్న ఆమెకు ఏమీ పాలుపోలేదు.

అంతలో కేసీ రడ్ లేచి వచ్చి పంజరానికి అడ్డంగా నిలబడింది. ఆ పిల్ల ఎప్పుడూ నోరు విప్పదు. తల్లి చలిలో నాలుగు గంటలపాటు కారులో ఒంటరిగా వదిలేసిందని అక్టోబరులో అధికారులు ఆ పిల్లను తీసుకెళ్ళి వేరే ఇంట్లో ఉంచారు.

"తీసేస్తే అది చెడ్డ తల్లేనని తేలిపోయినట్టేనా టీచర్?"

లోర్నా చెయ్యి వెనక్కి తీసుకుని పశువైద్యురాలికి ఫోన్ చేసింది.

మధ్యాహ్నం పశువైద్యురాలు ఇనెస్ బర్రగాన్ వచ్చి, జరిగిందంతా విని, పంజరం మీద పల్చటి గుడ్డ కప్పింది.

"రెండు వారాలు ఎవరూ ముట్టుకోవద్దు. పొట్టు మార్చొద్దు. ఉడికించిన గుడ్డు కాస్త, ఎప్పుడూ పెట్టే గింజలు, నీళ్ళు పెట్టండి చాలు. తల్లి లేకుండా ఇవి బతకవు."

"మరి తినేసింది కదా!" అన్నాడు ట్రెంట్.

"భయపడింది నాన్నా. దాగడానికి చోటు లేదు, కంటికి కునుకు లేదు. అది ఎలాంటిదని కాదు, దానికేం తక్కువైందని అడగాలి."

"మా అమ్మని అలా ఎవరైనా అడిగారా?" అంది కేసీ.



లోర్నా మూడు రోజులు తనలో తనే కొట్టుమిట్టాడింది. మనిషికీ హామ్‌స్టర్‌కీ పోలికేమిటి? బిడ్డను చలిలో వదలడం చిన్న తప్పా? బిడ్డను కాపాడటం సరైనదే, అందులో ఆమెకు సందేహం లేదు. అయినా ఆ ప్రశ్న వదల్లేదు. శుక్రవారం బడి కాగానే, కేసీ తల్లి రోండా గదుల్లో పక్కలు సర్దే పని చేసే రోడ్డుపక్క మోటెల్‌కు వెళ్ళింది.

"ఎందుకు వదిలావని ఇప్పటికి పదిమంది అడిగారు. మీరూ అడగండి" అంది రోండా, దుప్పటి మడతపెడుతూ.

"అందుకు రాలేదమ్మా. నీకేం కావాలి?"

రోండా దుప్పటితో సహా మంచం అంచున కూలబడింది. "బడి వదిలాక నా డ్యూటీ అయ్యేదాకా దాన్ని చూసే మనిషి. ఒక్క మనిషి, మేడం. ఆ రోజు ఎవరూ దొరకలేదు."

రెండు వారాలకు ఐదు పిల్లలూ కళ్ళు తెరిచాయి. ఆ నెలలోనే లోర్నా, బడిపిల్లల తల్లులు ముగ్గురు వంతులవారీగా బడి గ్రంథాలయాన్ని సాయంత్రం ఏడు దాకా తెరిచి ఉంచడం మొదలుపెట్టారు. ఆ సంగతి కేసీ కేసు చూస్తున్న జడ్జికి రాశారు. మంచు కరిగేనాటికి కేసీ ఇంటికి చేరింది. ఇప్పటికీ కొన్నిసార్లు రోండా ఆలస్యంగా వస్తుంది. కేసీ తలుపు వంకే చూస్తూ కూర్చుంటుంది. తాను చేసింది పూర్తిగా సరైనదేనా అన్నది లోర్నాకు ఇంకా తెలియదు.

తల్లిదండ్రుల సమావేశంలో ఆమె తనకు తెలిసిన ఒక్క మాటే చెప్పింది: "ఆ తల్లిని తప్పుపట్టడానికి ఊరంతా ఉన్నాం. ఆమె పని ముగిసేదాకా బిడ్డను చూసుకోవడానికి మాత్రం ఒక్కరం కూడా లేకపోయాం. ఆమె తప్పులో మన వాటా అదీ."